కుర్ర కుక్కతో నడక, ఆట: ఒక పశువైద్యుని ప్రసంగ పాఠం

(విజయవాడలోని మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగమిది. రాలేకపోయినవారు చదువుకునేందుకు రికార్డింగు నుంచి రాసి ఉంచుతున్నాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఎండ ఎక్కకముందే, ఇంతమంది వచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. మీలో కుక్కలను పెంచుకుంటున్నవారూ ఉన్నారు, కుక్కను చూస్తే గుండె ఝల్లుమనేవారూ ఉన్నారని కార్యదర్శిగారు చెప్పారు. అది మంచిదే. నేను ఈరోజు చెప్పబోయేది ఇద్దరికీ సంబంధించిన విషయం, ఎందుకంటే సరిగా నడవడం, సరిగా ఆడడం నేర్చిన కుక్క వల్ల మొదట సుఖపడేది దాని యజమాని అయితే, ఆ తరువాత సుఖపడేది అదే లిఫ్టులో ఎక్కే పక్కింటివారు.

నా వృత్తి జీవితంలో మొదటి సగం పల్లెల్లో గడిచింది. అప్పట్లో నా దగ్గరికి గేదెలు, ఆవులు, గొర్రెలు వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి కుక్కలు, అందులోనూ ఆరు నెలలకూ రెండేళ్ళకూ మధ్య వయసు కుక్కలు. వాటిని తెచ్చినవారు అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టర్‌గారూ, ఇంత తిప్పుతున్నాం, ఇంత ఆడిస్తున్నాం, అయినా ఇది అలసిపోదేమిటి?"

ఈ ప్రశ్నను మీ ముందు పెట్టి, నిరుడు నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి చెబుతాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, మూడో అంతస్తు ఫ్లాటు, పదకొండు నెలల మగ లాబ్రడార్. తెల్లవారుజామున భర్త దాన్ని గంటసేపు పరుగెత్తిస్తాడు. సాయంత్రం భార్య దానికి ముప్పావుగంట బంతి విసురుతుంది. ఇంత చేసినా రాత్రి తొమ్మిదింటికి అది సోఫా దిండు చింపుతుంది, తలుపు గీరుతుంది, వచ్చినవారి మీదికి ఎగబడుతుంది. నేను దాని కాళ్ళు చూశాను. అరికాలి మెత్తలు రాపిడికి పలచబడి, ఒకచోట పొర లేచిపోయి ఉంది. బరువు సరిగానే ఉంది, గుండె బ్రహ్మాండంగా ఉంది, కండలు గట్టిగా ఉన్నాయి. ఆ కుక్కకు రోగమేమీ లేదు. పాపం వాళ్ళిద్దరే రోగుల్లా ఉన్నారు, కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి.

ఏం జరిగిందో ఆలోచించండి. రోజూ గంట పరుగెత్తే మనిషికి ఆరు నెలల తరువాత ఏమవుతుంది? గంట పరుగు లెక్కలోకి రాకుండా పోతుంది, ఇంకో అరగంట కావాలనిపిస్తుంది. కుక్కకూ అంతే. దాన్ని అలసగొట్టాలని మనం రోజూ పరుగెత్తిస్తుంటే, దానికి మనం చేస్తున్నది శిక్షణ. రోజురోజుకూ మరింత దమ్మున్న కుక్కను తయారుచేస్తున్నాం. మన దమ్ము మాత్రం పెరగడం లేదు. ఈ పందెంలో మనం ఎన్నటికీ గెలవలేం. మరి చేయవలసినదేమిటి? దాని కాళ్ళకు పని తగ్గించి, ముక్కుకూ బుద్ధికీ పని పెంచడం; ఆ తరువాత ఊరకే పడుకోవడం నేర్పడం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతా సమయమంతా దాన్ని ఎలా చేయాలో చెబుతాను.

ముందుగా మన ఇంట్లోకి వచ్చిన ఈ జీవి ఎక్కడిదో, ఏ పనికోసం పుట్టిందో చూద్దాం. లాబ్రడార్ అని పేరున్నా ఆ జాతి పూర్వీకులు కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపానికి చెందిన జాలర్ల కుక్కలు. గడ్డకట్టే నీళ్ళలో దూకి, గాలం నుంచి జారిన చేపలనూ తేలిపోతున్న వల తాళ్ళనూ నోట కరుచుకుని పడవ దగ్గరికి తెచ్చేవి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌లోని జమీందారులు వాటిని వేటలో కూలిన పక్షులను నలగకుండా తెచ్చే కుక్కలుగా తీర్చిదిద్దారు. 1903లో అక్కడ కుక్కల జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ అనే సంస్థ దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. అంటే తరతరాలుగా దాని రక్తంలో ఉన్న పని ఏది? వెతకడం, నోట పట్టుకోవడం, తెచ్చి చేతికివ్వడం. మీ చెప్పు తెచ్చినప్పుడు అది అల్లరి చేయడం లేదు, తన ఉద్యోగం చేస్తోంది.

అంత దూరం ఎందుకు, మన కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్క జాతి ఉంది. ఈ హాలులో పెద్దవారు కొందరైనా చూసి ఉంటారు. ఒంటి మీద చాలా పొట్టి వెంట్రుకలు, సన్నని ఒడ్డూపొడుగూ, నేల తవ్వి గుంటలో పడుకునే అలవాటు. బాతులను మేపేవారు ఆ కుక్కలతో మందలను కాయించేవారు. చేపల చెరువులు వచ్చాయి, బాతుల మేపు తగ్గింది, ఆ కుక్కకు పని పోయింది, దానితోపాటే ఆ జాతి కూడా అరుదైపోయింది. పని చేసే కుక్కకూ పని లేని కుక్కకూ ఉండే తేడా తెలియాలంటే బాతుల మంద వెనుక నడిచే కుక్కను ఒకసారి తలచుకోండి. అది రోజంతా పరుగెత్తదు. ఎక్కువసేపు నిలబడి చూస్తుంది, నాలుగడుగులు పక్కకు వేస్తుంది, మళ్ళీ నిలబడుతుంది. సాయంత్రానికి దాని కాళ్ళకంటే బుర్ర ఎక్కువ అలసిపోతుంది.

మన వీధి కుక్కలనే గమనించండి. వాటిని ఎవరు పరుగెత్తిస్తున్నారు? తెల్లవారుజామున లేచి తమ హద్దు చుట్టూ ఒకసారి తిరుగుతాయి, ప్రతి స్తంభం దగ్గరా వాసన చూస్తాయి, దొరికింది తింటాయి, ఎండెక్కాక ఏ ఆటో కిందో పడుకుంటాయి. పెద్ద కుక్క రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు నిద్రపోతుంది. చిన్న పిల్లకు 18 గంటల దాకా నిద్ర కావాలి. నిద్ర చాలని పసిపిల్లవాడు రాత్రి ఎలా మారాం చేస్తాడో తల్లులకు నేను చెప్పనవసరం లేదు. సాయంత్రం పూట పిచ్చిపట్టినట్టు హాలంతా చుట్టుతూ, కనిపించినదల్లా కొరికే కుక్కపిల్లకు చాలాసార్లు కావలసింది ఇంకో ఆట కాదు, చీకటి గదిలో కాస్త నిద్ర.

ఎముకల సంగతి కూడా చెప్పాలి. ఎదిగే వయసులో పొడవైన ఎముకల కొసల దగ్గర మెత్తని ఎదుగుదల పొరలు ఉంటాయి. అవి గట్టిపడి మూసుకుపోయేసరికి చిన్న జాతులకు ఏడాది లోపు, పెద్ద జాతులకు ఏడాదిన్నర వరకూ పడుతుంది. అంతవరకూ బైకు పక్కన కిలోమీటర్ల తరబడి పరుగెత్తించడం, ఎత్తు నుంచి పదేపదే దూకించడం, మూడంతస్తుల మెట్లు రోజుకు నాలుగుసార్లు ఎక్కించి దించడం మంచివి కావు. నెల వయసుకు అయిదు నిమిషాల చొప్పున నడక అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని నేను శాసనంగా చెప్పను. మెత్తని మట్టి మీద, గడ్డి మీద, తన ఇష్టప్రకారం ఆగుతూ తిరిగే పిల్ల ఇంకాసేపు తిరిగినా నష్టం లేదు. మనం లాక్కుపోతుంటే సిమెంటు రోడ్డు మీద బలవంతంగా నడిచే పది నిమిషాలే దానికి ఎక్కువ.

వాకిలి దగ్గర మొదలు

ఇప్పుడు నడక గురించి. నడక ఎక్కడ మొదలవుతుంది? రోడ్డు మీద అనుకుంటాం. కాదండీ, మన ఇంటి మేకు దగ్గర మొదలవుతుంది, కుక్కను నడిపించే పట్టీని మేకు నుంచి తీసిన చప్పుడు దగ్గర. ఆ చప్పుడు వినగానే మీ కుక్క ఏం చేస్తుంది? గాలిలోకి లేస్తుంది, గిరగిరా తిరుగుతుంది, మొరుగుతుంది. మనం ఆ గెంతుల మధ్యే ఎలాగో కొక్కెం తగిలించి, తలుపు తీసి, అది లాగుతుంటే వెంట పరుగెడతాం. గెంతితే తలుపు తెరుచుకుంటుందని ఆ రోజు దానికి ఒక పాఠం అయిపోయింది.

ఆ లాబ్రడార్ ఇంటికి నేను ఒక ఉదయం వెళ్ళి చేయించినది ఇది. పట్టీ చేతిలోకి తీసుకున్నాం, అది గెంతింది. పట్టీని తిరిగి మేకుకు తగిలించి, మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నాం. రెండు నిమిషాలు. మళ్ళీ తీశాం, మళ్ళీ గెంతింది, మళ్ళీ తగిలించాం. అయిదోసారి తీసినప్పుడు అది మా ముఖం వైపు చూసింది. ఆరోసారి వెనుక కాళ్ళు మెల్లగా వంగాయి, తోక నేలను ఊడుస్తోంది, ఒళ్ళంతా వణుకుతోంది, అయినా కూర్చుంది. అప్పుడు కొక్కెం తగిలించాం. తలుపు దగ్గర మళ్ళీ అదే కథ: అది ముందుకు తోసుకొస్తే తలుపు మూసుకుంటుంది, ఆగితే తెరుచుకుంటుంది. ఆ మొదటి రోజు ఇల్లు దాటడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పదో రోజుకు అర నిమిషం పట్టింది. కేకలు లేవు, దెబ్బలు లేవు. తలుపే గురువు.

ఇక రోడ్డు మీద లాగడం. కుక్క ఎందుకు లాగుతుంది? మొండితనమనీ, మనమీద పెత్తనం కోసమనీ కొందరు చెబుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. లాగితే చెట్టు దగ్గరికి చేరుతోంది కనుక లాగుతుంది. అంతకు మించి అందులో రాజకీయం లేదు. అందువల్ల చేయవలసిందల్లా, లాగినప్పుడు చేరకుండా చూడడం. పట్టీ బిగిసిన క్షణంలో స్తంభంలా నిలబడండి. వెనక్కి గుంజవద్దు, తిట్టవద్దు, నిలబడండి. అది వెనక్కి తిరిగి చూసి పట్టీ వదులైన క్షణంలో అడుగు వేయండి. మొదటి వారం పాల బూతు దాకా వెళ్ళలేరు. వెళ్ళకపోతే కొంపలు మునిగేదేమీ లేదు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పద్ధతి ఇంట్లో అందరూ పాటిస్తేనే పనిచేస్తుంది. ఉదయం మీరు నిలబడి, సాయంత్రం అబ్బాయి ఫోను చూసుకుంటూ అది లాగినచోటికల్లా వెళ్ళాడనుకోండి, ఒక్కోసారి లాగితే పనవుతుందని తెలిసిన కుక్క రెట్టింపు పట్టుదలతో లాగుతుంది.

సాధనాల గురించి క్లుప్తంగా చెబుతాను. పట్టీ అయిదారడుగుల పొడవుది, చేతికి మెత్తగా ఉండే నైలాన్‌దో బట్టదో చాలు. లాగే కుక్కకు మెడ బెల్టు కంటే ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ మేలు, అందులోనూ ముందువైపు రొమ్ము మీద రింగు ఉన్నది, ఎందుకంటే అది లాగినప్పుడు దాని ఒళ్ళు మనవైపు తిరుగుతుంది. బిగిసే ఉక్కు గొలుసులు, ముళ్ళ బెల్టులు నేను వాడనివ్వను. అవి గొంతుకు గాయం చేస్తాయి, పైగా ఎదుటి కుక్కను చూసినప్పుడల్లా మెడ నొప్పి పుడితే, ఆ నొప్పి ఎదుటి కుక్క వల్లే వచ్చిందని అది నమ్ముతుంది. బటను నొక్కితే సాగే తాడు రద్దీ రోడ్డుకు పనికిరాదు. పట్టీని చేతికి చుట్టుకోవద్దు. ఇది నా అనుభవం. పదేళ్ళ కిందట మా సొంత కుక్కతో నడుస్తున్నప్పుడు, స్కూటరు కింద నుంచి పిల్లి ఉరికింది, మూడు చుట్లు చుట్టుకున్న పట్టీతో నేను కింద పడ్డాను, ఉంగరం వేలు విరిగింది. ఇప్పటికీ చలికాలంలో అది సలుపుతుంది. తప్పు కుక్కది కాదు. పట్టీ ఉచ్చును బొటనవేలికి తగిలించి, మిగతాది అరచేతిలో మడత పెట్టి పట్టుకోండి. అవసరమైతే పిడికిలి విప్పగలగాలి.

ఇక నడకలో అసలు భాగానికి వస్తున్నాను, ముక్కు. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలు. కుక్క ముక్కులో జాతిని బట్టి పది కోట్లు దాటి, కొన్నింటిలో 20, 30 కోట్ల దాకా ఉంటాయి. ఒకసారి మీ కుక్క వేపచెట్టు మొదట్లో ఆగినప్పుడు పట్టీ వదులుచేసి, మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూడండి. ముక్కు కొస తడిగా మెరుస్తుంటుంది. సెకనుకు అయిదుసార్ల దాకా గాలిని కొంచెం కొంచెంగా పీలుస్తుంది. వదిలే గాలి ముందునుంచి రాదు, ముక్కు రంధ్రాల పక్కనున్న సన్నని చీలికల నుంచి పక్కకు పోతుంది, దానివల్ల నేల మీది వాసన చెదరదు. ఒకచోట ఆగి, పక్కకు జరిగి, మళ్ళీ మొదటి చోటికే వస్తుంది, చదివిన వాక్యం మళ్ళీ చదివినట్టు. రాత్రి ఏ కుక్క వచ్చింది, ఆడదా మగదా, భయపడి ఉందా, ఇవన్నీ ఆ అడుగు జాగాలో దానికి తెలుస్తాయి. మనం ఏం చేస్తాం? "పద, పద" అని గుంజుతాం. వార్తాపత్రిక చదువుతున్న మనిషి చేతిలోంచి లాక్కున్నట్టు.

నా సలహా ఏమిటంటే, నడకలో సగభాగం దానిదని ఒప్పుకోండి. ఇరవై నిమిషాలు మీ పక్కన పట్టీ వదులుగా నడవాలి, ఇరవై నిమిషాలు అది ఎటు పోతే అటు మీరు నడవాలి, ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. రెండింటికీ వేరు వేరు మాటలు పెట్టుకోండి. "నడు" అంటే మన పని, "చూసుకో" అంటే దాని పని. ఆ జంట గంట పరుగు మానేసి నలభై నిమిషాల ఈ నడక మొదలుపెట్టారు. మొదటి వారం అది ఇంకా అల్లరి చేసిందని ఫోను చేశారు, ఓపిక పట్టమన్నాను.

కొత్తగా పిల్లను తెచ్చుకునేవారికి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గర "నలభై అయిదు రోజుల పిల్ల" అని అమ్ముతారు. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఆ చివరి రోజుల్లోనే పంటి గాటు ఎంతవరకు వేయవచ్చో పిల్ల నేర్చుకుంటుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను గమనించి, సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకూ చూసినవాటిని అవి జీవితాంతం భయం లేకుండా అంగీకరిస్తాయని తేల్చారు. ఇక్కడే మనకు ఇరకాటం. కుక్కపిల్లలను పట్టే పార్వో అనే వైరస్ రోగానికి టీకాలు పూర్తి కాకుండా వీధిలో దింపితే ప్రాణం మీదికి వస్తుంది, టీకాలు పూర్తయ్యేదాకా గదిలో పెడితే ఆ వయసు దాటిపోతుంది. ఏం చేయాలి? చంకనెత్తుకుని తిప్పండి. గేటు దగ్గర నిలబడి ఆటో, కూరల బండి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, గుడి గంట, స్కూలు పిల్లలు, అన్నీ చూపించండి. నేల మీద దింపవద్దు, అంతే.

ఎదురయ్యేవారి సంగతి

ఇక్కడ కుక్కలంటే భయపడేవారిని ఉద్దేశించి కాదు, యజమానులను ఉద్దేశించి చెబుతున్నాను. "ఏమీ చేయదండీ, మంచిది" అనే మాట మానేయండి. ఎదుటి మనిషికి మీ కుక్క మంచితనంతో పని లేదు, తన చీర కొంగు మీద దాని కాళ్ళు పడకపోతే చాలు. రేబిస్ అంటే మన సమాజంలో ఉన్న భయం ఊరికే పుట్టినది కాదు. లక్షణాలు కనిపించాక ఇంచుమించుగా ఎవరూ బతకని రోగమది. ఎవరైనా ఎదురైతే మీరే పక్కకు తప్పుకుని, కుక్కకూ మనిషికీ మధ్య మీరు నిలబడండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే వచ్చేసారి ఎక్కండి. పట్టీ లేకుండా గేటు దాటించవద్దు. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, అయిదు వేల రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. చట్టం కోసం కాకపోయినా, మన కుక్కకు భయపడి వాకింగ్ మానేసిన పెద్దావిడ ముఖం చూసైనా ఈ జాగ్రత్త తీసుకోవాలి. మలం ఎత్తడానికి పాత వార్తాపత్రిక ముక్కలు జేబులో పెట్టుకోండి. దాని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

వీధి కుక్కల గుంపు ఎదురైతే? అందరూ అడుగుతారు. దారి దూరం నుంచే మార్చండి. అడ్డంగా, విల్లులాగా వంపు తిరిగి వెళ్ళండి. ఎదురెదురుగా తిన్నగా రావడం కుక్కల మర్యాదలో సవాలు చేయడం. మీ కుక్కను చంకనెత్తుకోవద్దు, పరుగెత్తవద్దు, రాయి తీయవద్దు. పట్టీ బిగించకుండా, చేతిలో చిరుతిండి ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి మాట్లాడుతూ దాటించండి. రోజూ అదే వేళకు అదే వీధిలో నెమ్మదిగా వెళ్ళేవారిని వీధి కుక్కలు వారం రోజుల్లో గుర్తుపట్టి వదిలేయడం చాలాసార్లు చూశాను.

ఎండ గురించి చెప్పకుండా విజయవాడలో కుక్కల గురించి మాట్లాడకూడదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. కుక్కకు చెమట అరికాళ్ళలో తప్ప పట్టదు, వేడి ఎక్కువగా పోయేది నాలుక చాపి రొప్పడం వల్లనే. దాని మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటితే ప్రమాదం తలుపు తట్టినట్టే. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే అది నడవకూడదు. వేసవిలో సూర్యోదయానికి ముందే నడక ముగించండి, రాత్రి నేల చల్లారేదాకా ఆగండి. సాయంత్రం ఆరింటికి గాలి చల్లబడినా రోడ్డు చల్లబడదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకూ, మంచు దేశపు హస్కీలకూ ఇంకా జాగ్రత్త కావాలి. నాలుక ముదురు ఎరుపు రంగుకు తిరిగి, చొంగ చిక్కబడి, అడుగులు తడబడితే వెంటనే నీడకు చేర్చి, మామూలు కుళాయి నీళ్ళు ఒంటి మీద పోస్తూ, ఫ్యాను గాలి తగిలిస్తూ, ఆ తడితోనే వైద్యుని దగ్గరికి బయలుదేరండి. తడి గుడ్డ కప్పి ఉంచేయవద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. వానాకాలంలో నిలవ నీళ్ళు తాగనివ్వవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే రోగం వస్తుంది. ఇంటికి రాగానే చెవుల మడతల్లో, కాలివేళ్ళ మధ్య పిడుదులు వెతకండి.

ఆట

ఆట అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది బంతి. బంతి చెడ్డదని నేననను, కానీ ముప్పావుగంట బంతి విసరడం చెడ్డది. ప్రతిసారీ అది పూర్తి వేగంతో ఉరికి, ఒక్కసారిగా ఆగి, ఒళ్ళు మెలిదిప్పుతుంది. మోకాలి లోపలి లిగమెంట్లు అక్కడే దెబ్బతింటాయి. అంతకంటే నన్ను కలవరపెట్టేది దాని మనసు స్థితి. ఇరవయ్యో విసురు దగ్గర ఆ కుక్క ముఖం చూడండి. కళ్ళు గాజు గోళీల్లా ఉంటాయి, పేరు పెట్టి పిలిస్తే వినదు, నీళ్ళు పెడితే తాగదు, బంతి తప్ప లోకం లేదు. అది ఆనందమని మనం పొరబడతాం. ఆ ఉద్రేకం ఇంటికి వచ్చాక వెంటనే దిగదు. రాత్రి చిరిగిన సోఫా దిండుకూ సాయంత్రం బంతికీ సంబంధం ఉంది.

అందువల్ల ఎనిమిది, పది విసుర్లు చాలు. విసిరే ముందు కూర్చోవాలి. బంతి దొర్లి ఆగిపోయాక, మీరు చెప్పాకే వెళ్ళాలి. రెండు విసుర్ల తరువాత బంతిని గడ్డిలో దాచి వెతికించండి. బంతి దాని గొంతులోకి జారనంత పెద్దదిగా ఉండాలి. టెన్నిస్ బంతి పైనున్న గరుకు నూగు పళ్ళను అరగదీస్తుంది కనుక అదే పనిగా నమలనివ్వవద్దు. పుల్లలు విసరవద్దు, నోట్లో గుచ్చుకున్న పుల్లలు నేను చాలా తీశాను.

లాగుడు ఆట మంచి ఆట. పాత చీర పేని తాడులా చేయండి. "వదులు" అనగానే వదలాలి, వదిలిన వెంటనే మళ్ళీ ఇవ్వాలి. వదిలితే పోదు, తిరిగి వస్తుందని తెలిసిన కుక్క తన గిన్నె దగ్గరా ఎముక దగ్గరా గుర్రుమనదు. పన్ను చర్మానికి తగిలితే ఆట ఆ క్షణమే ఆపి, లేచి పక్క గదిలోకి వెళ్ళండి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు వస్తాయి, ఆ రోజుల్లో చిగుళ్ళ దురదకు కొరుకుతుంది. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ ముడి ఇవ్వండి.

రెండు కుక్కలు ఆడుకుంటున్నప్పుడు అది ఆటో తగవో ఎలా తెలుస్తుంది? ముందు కాళ్ళు నేలకు వంచి, వెనుక భాగం పైకెత్తితే ఆటకు పిలుపు. తరిమేది ఒకసారి ఇది, ఒకసారి అది కావాలి. మధ్యమధ్య ఆగి ఒళ్ళు విదిలించుకోవాలి. అనుమానం వస్తే తరిమేదాన్ని ఒక నిమిషం పట్టుకోండి. తప్పించుకున్నది మళ్ళీ దగ్గరికి వస్తే అది ఆట. వెళ్ళి మీ కాళ్ళ మధ్య దాక్కుంటే, ఇంతసేపూ అది ఆడలేదు, పారిపోయింది.

పిలిస్తే రావడం అన్ని ఆటల్లోకీ పెద్ద ఆట. ముప్పై అడుగుల పొడవైన తాడు కట్టి మైదానంలో వదలండి. పిలవండి, రాగానే ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వండి, మళ్ళీ వదిలేయండి. పది పిలుపుల్లో తొమ్మిదిసార్లు వదిలేయాలి, ఎందుకంటే పిలిచిన ప్రతిసారీ కట్టేసి ఇంటికి తీసుకుపోతే, ఆ పిలుపంటే దానికి ఆట ముగిసిందనే అర్థం. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టవద్దు. మీ లెక్కలో ఆలస్యానికి తిట్టారు. దాని లెక్కలో వచ్చినందుకు తిట్టారు.

డాబా మీద గొలుసుతో కట్టి పెంచేవారు ఈ కాలనీలో ఉన్నారని విన్నాను. వారి పేర్లు నాకు అక్కర్లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో, ఎప్పుడూ కట్టేసి లేదా బంధించి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడాన్ని కూడా క్రూరత్వంగా రాశారు. అరవై ఏళ్ళకు పైగా ఆ వాక్యం మన చట్టంలో ఉంది. దయచేసి, కాపలాకోసం తెచ్చుకున్నదైనా సరే, రోజుకు రెండుసార్లు కిందికి దింపండి.

ముందు వరుసలో అమ్మగారు చీటీ రాసి పంపారు: "మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, కుక్కను మా దగ్గర వదిలాడు, నాకు మోకాళ్ళ నొప్పులు, దాన్ని నడిపించలేను, ఏం చేయాలి?" అమ్మా, బలంగా లాగే కుక్కను మీరు రోడ్డు మీదికి తీసుకెళ్ళవద్దు, ఆ పని జీతానికైనా ఎవరికైనా అప్పగించండి. మీరు కుర్చీలో కూర్చునే చేయగల పని ఉంది. పాత తువ్వాలు నేల మీద పరిచి, దాని పూట తిండిలో గుప్పెడు గింజలు చల్లి, తువ్వాలును చుట్టగా చుట్టి ముడి వేయండి. విప్పుకుని తినడానికి పావుగంట పడుతుంది. మరునాడు మూడు అట్టపెట్టెల్లో ఒకదానిలో దాచండి. ఆ తరువాత గదిలో, తలుపు వెనుక, మంచం కోడు దగ్గర దాచి "వెతుకు" అనండి. పావుగంట ముక్కు పని చేశాక అదే వచ్చి మీ కాళ్ళ దగ్గర పడుకుంటుంది. అప్పుడు పలకరించకుండా, నెమ్మదిగా ఒక్క ముక్క దాని ముందు కాళ్ళ మధ్య పెట్టండి. పడుకోవడం కూడా ఒక పని అనీ, దానికీ కూలి ఉందనీ అది నేర్చుకుంటుంది.

ఆ లాబ్రడార్ సంగతి అడుగుతున్నారు. నాలుగు నెలల తరువాత టీకాకు తెచ్చారు. నా బల్ల పక్కన చాప మీద పడుకుంది, కంపౌండరు సూది సిద్ధం చేసేలోపు గురక పెట్టింది. అరికాళ్ళు మానిపోయాయి. వాళ్ళ సోఫాకు కొత్త దిండ్లు కొన్నారట.

బయట వేపచెట్టు కింద బల్ల మీద నాలుగు రకాల పట్టీలు, రెండు హార్నెస్‌లు పెట్టాను. రోడ్డు ఇంకా వేడెక్కలేదు, చేయి ఆనించి చూసే వచ్చాను. కుక్కలను తెచ్చినవారు ఒక్కొక్కరుగా, మధ్యలో పదడుగుల ఎడం ఉంచుకుని రండి. పట్టీ పట్టుకునే తీరు ఒక్కొక్కరి చేతికీ చూపిస్తాను.